కొత్త ఇంటికి కప్పు, గాలి, నీరు

డెల్టా గ్రామములలో తాటాకిండ్లు, పెంకుటిండ్లు తగ్గి శ్లాబు ఇండ్లు పెరిగినవి. తుపానుకు, నిప్పుకు శ్లాబు నిలుచును. ఆ మేలు కాదనరాదు. కాని రోహిణీకార్తెలో పగలంతయు పీల్చుకొనిన వేడిని అది రాత్రి ఇంటిలోనికి వదలును. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా మరణించిరి. కావున ఇల్లు కట్టువారును, పాత ఇల్లు బాగుచేయించువారును కప్పును గూర్చి ముందే ఆలోచింపవలెను.

కేంద్ర ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరులో ‘ఎకో నివాస్ సంహిత’ యను గృహనిర్మాణ నియమావళిని వెలువరించినది. అది 500 చదరపు మీటర్లు, అనగా సుమారు 12 సెంట్లు, అంతకు మించిన స్థలములలోని ఇండ్లకు ఉద్దేశింపబడినది. నాలుగు సెంట్లలో కట్టుకొను రైతును నిర్బంధింపదు. అయినను ఎండ చిన్న ఇంటిని, పెద్ద ఇంటిని ఒకటిగనే కాచును గదా!

లోపలికిని వెలుపలికిని ఒక డిగ్రీ తేడా యున్నప్పుడు, చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి పోరాదని అందలి నియమము. ఆరంగుళముల వట్టి శ్లాబు దీనికి సుమారు మూడు రెట్లు పంపును. దానిపై నాలుగంగుళముల ఇటుకముక్కల కాంక్రీటు వేసినను హద్దుకు రాదు. నీరు దిగని పూత వేసి, అంగుళము మందపు గట్టి పాలిస్టైరీన్ పలకలు పరచి, పైన కాంక్రీటు, తెల్లని పెంకులు వేసిన సరిపోవును. సామాను పెట్టెలలో వచ్చు థర్మోకోల్ నలిగిపోవును, వాడకుడు. మందముగ కప్పిన తాటాకు ఈ పరీక్షలో సులభముగ నెగ్గును. నిప్పు భయము, తిరిగి కప్పించు ఖర్చు దాని లోపములు.

అంత వ్యయము చేయలేనివారు ప్రతి వేసవికి ముందు శ్లాబుపై తెల్లసున్నము కొట్టించవలెను. ఇది ఎండను చాలవరకు వెనుకకు త్రిప్పును. కప్పు సంగతి చూచిన పిమ్మటనే ఏ.సి. కొనుడు. కాలిన కప్పు క్రింద ఏ.సి. నడుపుట గండిపడిన బోదెకు నీరు పెట్టుట వంటిది.

మనది ఉక్కపోత ప్రాంతము. కావున వెలుపలికి తెరచుకొను తలుపులు, కిటికీల వైశాల్యము ఇంటి లోపలి నేలలో ఆరవ వంతుకు తగ్గరాదని సంహిత చెప్పుచున్నది. 900 చదరపుటడుగుల ఇంటికి 150. పడమటి కిటికీలకు సన్‌షేడ్ తప్పక వేయించవలెను.

ఇక నీరు. 2002 నాటి వాల్టా చట్టము 200 చదరపు మీటర్లకు తగ్గని ఆవరణలలో వాననీటి ఏర్పాట్లను గూర్చి చెప్పినది. ఇంకుడుగుంత నూజివీడు వైపు ఎర్రనేలలకు తగినది. దివిసీమలో రేగడి నీటిని త్వరగా ఇంకనీయదు. ఇంకినను చాలచోట్ల అడుగున ఉప్పునీటిలో కలియును. నా అభిప్రాయములో అచ్చట గుంతకంటె తొట్టి మేలు. ఏటా 100 సెంటీమీటర్ల వాన కురిసిన, 1000 చదరపుటడుగుల కప్పుపై 93,000 లీటర్లు పడును. ఐదవ వంతు పోయినను 74,000 మిగులును. కాలువలు కట్టివేసిన మూడు నెలలలో ఐదుగురి త్రాగుటకు, వంటకు దినమునకు 40 లీటర్ల చొప్పున 3,600 చాలును. 5,000 లీటర్ల తొట్టి కట్టిన ధారాళము.

మొదటి వానను వదలివేయుడు. తొట్టిని వెలుతురు, దోమలు చొరకుండ మూయవలెను. నీటిని కాచి త్రాగవలెను. తొట్టికి నీరు పట్టు కప్పుపై రంగుపూతలు వాడక, సున్నమునే వాడుడు.