డెబియన్ పాతదే ఉండనీ.. యాప్ మాత్రం కొత్తది!

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఎక్కని ల్యాప్‌టాప్‌ని అమ్మేయకుండా డెబియన్ లైనక్స్ వేసుకున్న దోస్తులు జగిత్యాల, కోరుట్ల వైపు నాకు చాలామందే ఉన్నారు. వాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, సిస్టం మంచిగనే నడుస్తుంది గానీ, యాప్‌లన్నీ పాతవే ఉన్నయేంది?"

అది లోపం కాదు, డెబియన్ పద్ధతే అంత. సుమారు రెండేళ్లకోసారి కొత్త స్టేబుల్ వెర్షన్ వస్తుంది. ఆ మధ్యలో సెక్యూరిటీ ప్యాచ్‌లు, ముఖ్యమైన బగ్ ఫిక్స్‌లే తప్ప కొత్త ఫీచర్లు దాదాపు రావు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఉన్నది గింప్ 2.10. గింప్ 3.0 వచ్చింది 2025 మార్చిలో. కోరుట్లలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే తమ్ముడికి ఎవరో గింప్ 3లో చేసిన ఫైల్ పంపితే, పాత గింప్‌లో సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. పొద్దున్నే ఫ్లెక్సీ కట్టాలంటే రాత్రంతా కూర్చుని డెబియన్ 13కి మారలేం కదా!

అప్పుడు కొందరు వీడియో చూసి టెస్టింగ్ లేదా సిడ్ రిపోజిటరీని స్టేబుల్‌లో కలిపేస్తారు. దయచేసి వద్దు. కొత్త గింప్ కొత్త లైబ్రరీలు అడుగుతుంది, అవి ఇంకొన్నింటిని అడుగుతాయి. వ్యవహారం గ్లిబ్‌సీ దాకా పోయిందంటే సగం సిస్టం మారినట్టే, వెనక్కి తేవడం మహా కష్టం. ఇలాంటి కలగూరగంపకి డెబియన్ వాళ్లు పెట్టిన పేరు 'ఫ్రాంకెన్‌డెబియన్'.

సిరిసిల్ల మరమగ్గాలు చూసినవాళ్లకి చెప్పడం తేలిక. పేక రంగు మార్చాలంటే కండె మారుస్తారు, పడుగు జోలికి పోరు. ఫ్లాట్‌పాక్ చేసేదీ అదే. యాప్ తనకు కావాల్సిన లైబ్రరీలను వేరుగా తెచ్చుకుంటుంది, డెబియన్‌వి ముట్టదు. ఫ్లాట్‌హబ్‌ని ఒక్కసారి కలిపితే కొత్త గింప్ దొరుకుతుంది, పాతది కూడా పక్కనే ఉంటుంది. కాకపోతే మొదటి యాప్‌తో పాటు దిగే రన్‌టైమ్ బరువైనది. నాచుపల్లి హాస్టల్‌లో మొబైల్ హాట్‌స్పాట్ మీద మొదలుపెడితే ఆ రోజు డేటా గోవిందా! యాప్ తయారుచేసినవాళ్లే పెట్టారా, వెరిఫైడ్ గుర్తు ఉందా అన్నది కూడా చూసుకోండి.

కొత్త వైఫై కార్డు పట్టకపోతే మాత్రం ఫ్లాట్‌పాక్ పనికిరాదు, కెర్నలే కొత్తది కావాలి. దానికి బ్యాక్‌పోర్ట్స్ ఉంది. టెస్టింగ్‌లోని ప్యాకేజీలను స్టేబుల్ కోసం మళ్లీ కంపైల్ చేసి అందులో పెడతారు. మనం పేరు పెట్టి అడిగితేనే ఇన్‌స్టాల్ అవుతాయి. లిబ్రేఆఫీస్‌కీ నేను ముందు అక్కడే చూస్తా.

ఇంకోటి, ఆప్ట్ అప్‌గ్రేడ్ కొడితే ఫ్లాట్‌పాక్ యాప్‌లు అప్‌డేట్ కావు. వాటికి 'ఫ్లాట్‌పాక్ అప్‌డేట్' అని వేరే కొట్టాలి.