కాలనీ సంఘానికి వెబ్‌సైట్ కట్టిస్తున్నారా? డిజైన్ కన్నా ముందు ఇవి తేల్చుకోండి

హైదరాబాద్ జిల్లా అధికారిక వెబ్‌సైట్‌నూ, విశాఖపట్నం జిల్లా వెబ్‌సైట్‌నూ ఫోన్‌లో ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూడండి. ఫొటోలు వేరు, పేర్లు వేరు, సమాచారం వేరు. కానీ నోటీసులు, టెండర్లు, పత్రాలు, అధికారుల ఫోన్ నంబర్లు అమర్చిన తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. రాష్ట్రాలు రెండైనా వాటి వెనక ఉన్న వేదిక ఒకటే. కేంద్ర ప్రభుత్వానికి చెందిన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్, అంటే ఎన్‌ఐసీ, తయారుచేసిన ‘ఎస్3వాస్’. కార్యాలయ సిబ్బంది ఒక్క వరుస కోడ్ కూడా రాయకుండా కొత్త నోటీసు పెట్టగలిగేలా దీన్ని రూపొందించారు.

ఎస్3వాస్ ప్రభుత్వ సంస్థలకే పరిమితం. అయితే అదే పద్ధతిలో పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులో ఉంది. కాలనీ సంక్షేమ సంఘమైనా, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అయినా, చిన్న స్వచ్ఛంద సంస్థ అయినా దానితో తమకు తగిన వెబ్‌సైట్ కట్టుకోవచ్చు. కట్టడం కష్టమేమీ కాదు. కమిటీ మారాక, డెవలపర్ ఫోన్ ఎత్తడం మానేశాక కూడా అది నడవాలి. చాలా సైట్లు అక్కడే ఆగిపోతాయి.

సీఎంఎస్ అంటే ఏమిటి?

కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కు పొట్టిపేరు సీఎంఎస్. శుభలేఖలు అచ్చువేసే ప్రెస్‌ను గుర్తు తెచ్చుకోండి. నమూనా ముందే సిద్ధంగా ఉంటుంది. పేర్లు, ముహూర్తం, వేదిక మాత్రం మారుతుంటాయి. సీఎంఎస్ చేసేదీ ఇదే. మీరు రాసిన విషయం డేటాబేస్‌లో ఒకచోట ఉంటుంది. అది ఎలా కనిపించాలో చెప్పే నమూనా, అంటే ‘థీమ్’, మరోచోట ఉంటుంది. ఎవరైనా పేజీ తెరిచినప్పుడు సాఫ్ట్‌వేర్ రెండింటినీ కలిపి చూపిస్తుంది. అందుకే రేపు థీమ్ మార్చినా రాసిన విషయం ఎక్కడికీ పోదు.

వీటిలో ఎక్కువగా వాడేది 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్. డబ్ల్యూ3టెక్స్ లెక్కల ప్రకారం ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దీనిమీదే నడుస్తున్నాయి. ద్రూపల్, జూమ్లా కూడా ఉచితమే. చిన్న సంఘానికి వర్డ్‌ప్రెస్ సరిపోతుంది. తెలిసినవాళ్లు ఎక్కువమంది ఉండటం దీనికున్న పెద్ద లాభం. ఒక డెవలపర్ వెళ్లిపోతే ఇంకొకరు దొరుకుతారు.

నెలకింత అని కట్టి వాడుకునే రెడీమేడ్ సైట్ సర్వీసులు కూడా ఉన్నాయి. మొదలుపెట్టడం తేలిక. కాకపోతే అది అద్దె ఇల్లు లాంటిది. ఖాళీ చేయాల్సి వస్తే సామాను మొత్తం వెంట తెచ్చుకోగలమా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

‘కస్టమ్’ అంటే రంగులు మార్చడమేనా?

చాలామంది డెవలపర్‌ను కలవగానే రంగులు, బ్యానర్, కదిలే ఫొటోల గురించి మాట్లాడతారు. దానికన్నా ముందు ఒక కాగితం తీసుకోండి. మీ సంఘాన్ని జనం పదేపదే అడిగే ప్రశ్నలు రాయండి. నీళ్లు ఎప్పుడు వస్తాయి? మెయింటెనెన్స్ ఎంత, ఏ ఖాతాకు కట్టాలి? కొత్తగా అద్దెకు దిగేవాళ్లు ఏ ఫారం ఇవ్వాలి? పోయినేడాది సర్వసభ్య సమావేశంలో ఏం తీర్మానించారు? లిఫ్ట్ ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి? మీ వెబ్‌సైట్ ప్లాన్ ఈ జాబితాయే.

ఇప్పుడు ఒక్కో రకం సమాచారంలో ఏయే గడులు ఉండాలో చూడండి. ఉదాహరణకు ‘నోటీసు’ తీసుకుందాం. శీర్షిక, విషయం, జారీ చేసిన తేదీ, ఏ బ్లాకుకు వర్తిస్తుంది, ఎప్పటివరకు చెల్లుతుంది. ‘తీర్మానం’ అయితే సమావేశం తేదీ, తీర్మానం సంఖ్య, పూర్తి పాఠం. ఇలా ఒక్కో రకానికి విడిగా ఫారం తయారుచేసుకునే వీలు వర్డ్‌ప్రెస్‌లో ఉంది. దాన్ని ‘కస్టమ్ పోస్ట్ టైప్’ అంటారు. డెవలపర్‌తో ముందుగా మాట్లాడాల్సింది దీని గురించే.

దీనివల్ల లాభం? కార్యదర్శి గడులు నింపి బటన్ నొక్కితే చాలు, నోటీసు సరైన చోట కనిపిస్తుంది. గడువు తీరిన నోటీసు మొదటి పేజీ నుంచి దానంతట అదే తప్పుకొని పాత నోటీసుల్లోకి వెళ్లేలా అమర్చుకోవచ్చు. 2022 నాటి తీర్మానం కావాలంటే ఏడాదిని బట్టి వెతకొచ్చు. ఇలా కాకుండా అన్నీ ఒకే పేజీలో కిందకి పేర్చుకుంటూ పోతే, ఏడాది తిరిగేసరికి సైట్‌కూ వాట్సాప్ గ్రూపుకూ తేడా ఉండదు.

తెలుగులో పెట్టేటప్పుడు ఏం చూడాలి?

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైప్ చేయించిన నోటీసును నేరుగా తెచ్చి అతికిస్తే సైట్‌లో అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైప్ చేయాలి, లేదా యూనికోడ్‌లోకి మార్చాలి. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాసేది ఎలాగూ యూనికోడే.

టైప్ చేసే ఓపిక లేక నోటీసును ఫొటో తీసి పెట్టేస్తుంటారు. ఫొటోలోని అక్షరాలను సైట్‌లోని వెతుకు పెట్టె పట్టుకోలేదు. చూపులేనివారి ఫోన్‌లో స్క్రీన్ రీడర్ వాటిని సరిగా చదవలేకపోవచ్చు. ఫొటో పెట్టినా కింద విషయాన్ని అక్షరాల్లో రాయండి.

ఇంకో రెండు చిన్న సంగతులు. ఇంగ్లిష్ కోసం తయారైన థీముల్లో వరుసల మధ్య ఖాళీ తక్కువగా ఉండి, మన వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతాయి. వరుసల ఎడం పెంచమని, మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్లు వాడమని అడగండి. అలాగే తెలుగు శీర్షికతో ఏర్పడిన లింకును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులు, అంకెలతో బారెడు తోకలా కనిపిస్తుంది. ప్రచురించే ముందు లింకు పేరును చిన్న ఇంగ్లిష్ పదాలకు మార్చుకుంటే సరి.

డొమైన్ ఎవరి పేరు మీద ఉండాలి?

డొమైన్ అంటే మీ సైట్ చిరునామా. డాట్ ఇన్, డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ పేర్ల వ్యవస్థను నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీ, చూస్తుంది. తెలుగు లిపిలోనే ‘డాట్ భారత్’ చిరునామా కూడా తీసుకోవచ్చు. నమోదు మాత్రం నిక్సీ గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్ల దగ్గర జరుగుతుంది.

జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. డెవలపర్ తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో డొమైన్ కొనేస్తే, కాగితాల ప్రకారం ఆ పేరు ఆయనది. ఆయన ఊరు మారినా, వ్యాపారం మానేసినా రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ మీకు రాదు. గడువు దాటాక కొన్నాళ్లు అదనపు రుసుముతో తిరిగి పొందే వీలుంటుంది. అదీ దాటితే పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా చేజారిన చిరునామాల్లో బెట్టింగ్ ప్రకటనలు ప్రత్యక్షమైన సందర్భాలున్నాయి. మీ సంఘం లెటర్‌హెడ్ మీద మాత్రం అదే చిరునామా ఉంటుంది.

అందుకే ముందుగా సంఘం పేరుతో ఒక ఈమెయిల్ తెరవండి. డొమైన్, హోస్టింగ్ రెండూ దానితోనే, సంఘం పేరు మీదే కొనండి. బిల్లులు సంఘం ఖాతా నుంచే కట్టండి. వ్యక్తి పేరు మీద ఉన్నా సంఘం పేరు మీద ఉన్నా రుసుము ఒకటే.

లోపలికి ఎవరెవరు వెళ్లొచ్చు?

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే అలవాటు మానుకోండి. వర్డ్‌ప్రెస్‌లో హోదాలున్నాయి. ‘అడ్మినిస్ట్రేటర్’ అన్నీ మార్చగలరు. ‘ఎడిటర్’ ఎవరు రాసినదైనా దిద్ది ప్రచురించగలరు. ‘కంట్రిబ్యూటర్’ రాయగలరు, ప్రచురించలేరు. కమిటీలో ఇద్దరికి అడ్మినిస్ట్రేటర్, కార్యదర్శికి ఎడిటర్, ఉత్సాహం ఉన్న కుర్రాళ్లకు కంట్రిబ్యూటర్ హోదా ఇస్తే సరిపోతుంది. కొత్త కమిటీకి బాధ్యతలు అప్పగించే రోజునే పాతవారి ఖాతాల హోదా తగ్గించాలి.

భద్రత మాటేమిటి?

సాఫ్ట్‌వేర్‌ను, థీమ్‌ను, ‘ప్లగిన్’ అనే అదనపు విడిభాగాలను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. డెవలపర్ మార్పులన్నీ థీమ్ అసలు ఫైళ్లలోనే చేస్తే, అప్‌డేట్ కాగానే అవి చెరిగిపోతాయి. ‘చైల్డ్ థీమ్’లో చేయమని చెప్పండి. డబ్బు పెట్టి కొనాల్సిన ప్లగిన్‌ను ఉచితంగా ఇస్తామనే సైట్ల జోలికి పోవద్దు. వాటిలో హానికర కోడ్ దాచి ఉంచే ప్రమాదం ఎక్కువ. చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండాలి. దానికి కావాల్సిన సర్టిఫికెట్‌ను ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ ఉచితంగానే ఇస్తుంది.

బ్యాకప్‌లో ఫైళ్లూ, డేటాబేస్ రెండూ ఉండాలి. ఫొటోలు ఫైళ్లలో, రాసిన విషయం డేటాబేస్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కటే దాచుకుంటే సగమే దక్కుతుంది. ఒక ప్రతిని హోస్టింగ్ సర్వర్ బయట ఉంచండి. దానితో సైట్‌ను మళ్లీ నిలబెట్టగలమో లేదో ఒకసారి పరీక్షించి చూడండి.

ఏవి పెట్టకూడదు?

ఫ్లాట్ యజమానుల ఫోన్ నంబర్లు, అద్దెకున్నవారి ఆధార్ ప్రతులు, మెయింటెనెన్స్ బకాయిదారుల పేర్లు అందరికీ కనిపించేలా పెట్టొద్దు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఎందుకోసం తీసుకుంటున్నామో చెప్పి, సమ్మతి తీసుకొని, ఆ పనికే సమాచారాన్ని వాడాలన్నది ఆ చట్టంలోని ముఖ్య సూత్రం. పైగా నంబర్ల జాబితా బయట కనిపిస్తే మోసగాళ్లకు మనమే పని సులువు చేసినట్టు.

చివరి వాయిదా చెల్లించే ముందు

డెవలపర్‌కు మిగిలిన డబ్బు ఇచ్చే ముందు వీటిని సరిచూసుకోండి.

- డొమైన్, హోస్టింగ్ ఖాతాల్లోకి సంఘం ఈమెయిల్‌తో వెళ్లగలుగుతున్నారా?
- అడ్మినిస్ట్రేటర్ ఖాతా కమిటీ చేతిలో ఉందా?
- పూర్తి బ్యాకప్ ప్రతి, వాడిన ప్లగిన్ల జాబితా, వాటి రెన్యువల్ తేదీలు ఇచ్చారా?
- డెవలపర్ సాయం లేకుండా కార్యదర్శి ఒక నోటీసు పెట్టి, దాన్ని దిద్ది, తీసేయగలిగారా?

చివరి ప్రశ్నకు జవాబును ఫోన్‌లో వినొద్దు. ఎదుట కూర్చోబెట్టి చేయించి చూడండి. అది పది నిమిషాల్లో అయిపోతే మీ సైట్ చేతికొచ్చినట్టే. కాకపోతే ఇంకా పని మిగిలే ఉంది, వాయిదా డబ్బు కూడా మీ దగ్గరే ఉండనివ్వండి.