బుల్లెట్ ఇంజను విప్పారా? గేరుబాక్సు కూడా చూడండి

నాన్నగారి కాలంనాటి బుల్లెట్లు మన పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పొగ ఎక్కువైతే ఇంజను విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టన్ వేయిస్తారు. గేరుబాక్సు జోలికి మాత్రం చాలామంది పోరు. 'తిరుగుతోంది కదా, కెలకడం ఎందుకు' అంటారు. తీరా బస్తాతో గట్టు దిగేటప్పుడు గేరు టక్కున జారితే ఇంజను పట్టు పోతుంది, బండి ముందుకు తోసుకుపోతుంది. ఇక బ్రేకే దిక్కు. పాత బుల్లెట్ బ్రేకు సంగతి నడిపేవారికి చెప్పనక్కర్లేదు.

మద్రాసు పక్క తిరువొత్తియూరులో 1956 నుంచి తయారైన ఈ బండ్లకు ఆల్బియన్ అనే ఇంగ్లీషు నమూనా గేరుబాక్సు ఉండేది. నాలుగు గేర్లు, మార్చేది కుడికాలితో. పెట్టె ఇంజను వెనుక విడిగా బిగించి ఉంటుంది గనుక ఇంజను దించినప్పుడే దీన్నీ విప్పడం సులువు.

గేరు జారితే పళ్లు అరిగాయనుకుంటాం. చాలాసార్లు తప్పు పళ్లది కాదు. గేర్ల పక్కన ఉబ్బెత్తుగా ఉండే డాగులు ఒకదానిలో ఒకటి గొళ్లెంలా పడితేనే గేరు నిలుస్తుంది. వాటి అంచులు పలకలుగా ఉండాలి. క్లచ్చి పూర్తిగా పట్టకుండా గేరు వేసేవారి బండిలో అవి వాడిన సబ్బుబిళ్లలా గుండ్రబడతాయి. అలాంటివి జతగా మార్చాల్సిందే. కొందరు గ్రైండరుతో అంచు తీస్తారు. గట్టిదనమంతా పైపొరలోనే ఉంటుంది, అది పోతే మళ్లీ త్వరగా అరుగుతుంది. ఆ డబ్బు దండగ. ముతక ఆయిలు పోసినా మోత తగ్గుతుందే గాని గేరు నిలవదు.

గేర్లను జరిపే ఫోర్కు వంగిందా, నీలంగా కాలిందా చూడాలి. బుష్షులో షాఫ్టు పెట్టి అటూఇటూ ఊపితే వదులు తెలిసిపోతుంది. బేరింగులు కిరసనాయిలుతో కడిగి, ఆరాక చుక్క ఆయిలు వేసి చేత్తో తిప్పాలి. గరగరమంటే మార్చాలి. కిక్కు జారి మోకాలికి దెబ్బ తగులుతుంటే లోపలి కిక్కు పాల్ మొన కూడా చూడండి.

మూత బిగించే ముందు షాఫ్టు చేత్తో తిప్పుతూ నాలుగు గేర్లూ, నూటలూ వేసి చూడమని మెకానిక్కును దగ్గరుండి అడగండి. బండి మీద ఎక్కించాక తేడా బయటపడితే మళ్లీ మొదటినుంచి కూలి.