తెర వెనక దీపం

తోలుబొమ్మను పగటిపూట నేల మీద పరిచి చూస్తే అది రంగులద్దిన మేకతోలు, అంతే. వెనక దీపం పెడితే గానీ అది రాముడు కాదు. ఆంధ్ర తోలుబొమ్మలాటలో వెలుగు కూడా ఒక రంగే.

తోలును శుభ్రం చేసి, వెంట్రుకలు తీసి, వెలుతురు దూరేంత పలుచగా చేస్తారు. రంగు రెండు వైపులా వేస్తారు. అందుకే మన తెర మీద కనిపించేది నల్లటి నీడ కాదు, ఒళ్లంతా వెలిగే ఎరుపు, ఆకుపచ్చ, నీలం.

నగల దగ్గర అసలు పనితనం ఉంది. కిరీటం, హారం, పట్టుచీర అంచు... వీటికి రంగు చాలదు. చిన్న ఉలితో ఒక్కో రంధ్రం పొడుస్తారు. దీపపు కాంతి ఆ రంధ్రాల్లోంచి సూటిగా వచ్చి రవ్వల్లా మెరుస్తుంది. చిల్లు పెట్టి, అంటే తోలు తీసేసి, నగ చేయడం ఎంత గొప్ప ఊహ!

ఆడించేవారికీ వెలుగే ఆయుధం. బొమ్మను తెరకు ఆనిస్తే గీతలు స్పష్టం; దీపం వైపు జరిపితే ఆకారం పెరిగి, అంచులు చెదురుతాయి. పూర్వం ఆముదపు దీపాలు ఉండేవి. మంట ఊగితే బొమ్మ ఊపిరి పీల్చినట్టుండేది. కరెంటు బల్బు కాంతి నిలకడైనదే, కానీ ఆ కదలిక పోయింది.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ కళ ఇంకా బతికే ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గడంతో కళాకారులు అదే తోలుతో, అదే రంధ్రాలతో లాంప్‌షేడ్లు చేసి అమ్ముతున్నారు.