సంపులోని గాలి – కార్మికుని ప్రాణము

పంజగుట్ట నుండి ఎర్రమంజిల్ వైపు నడచునపుడు పైకి లేచు అంతస్తులనే చూతుము. వాటి క్రింద త్రవ్విన నీటి సంపులను చూడము. స్లాబు గట్టిపడిన పిమ్మట సెంట్రింగు చెక్కలు విప్పుటకు కార్మికుడు అందులోనికి దిగవలెను.

క్రొత్త సంపు శుభ్రముగనే కనిపించును. కాని మూసియున్న చోట తడిచెక్క కుళ్ళుచు ఆక్సిజనును హరించును. గాలిలో సుమారు 21 శాతముండు ఆ వాయువు 19.5 శాతమునకు తగ్గినచో అచట పనిచేయరాదు. 10 శాతమునకు దిగువనైనచో మనిషి త్వరలోనే స్పృహ కోల్పోవును. ఈ కొరతకు రంగు లేదు, వాసన లేదు.

మురుగు కాలువలలో దీనికి హైడ్రోజన్ సల్ఫైడ్ విషము తోడగును. 2015 నవంబరు 26న కేరళలోని కోళిక్కోడులో ఇద్దరు ఆంధ్ర కార్మికులు మ్యాన్‌హోలులో చిక్కుకొనగా, వారిని రక్షింపబోయి ఒక ఆటోడ్రైవరు దిగెను. ముగ్గురును మరణించిరి.

ఆ త్యాగమునకు శిరసు వంచుదము; పాఠమును కూడ నేర్చుకొందము. పడినవాని వెంట ఉత్త చేతులతో దిగినవాడును అదే గాలి పీల్చి కూలును. కనుక ముందుగనే మూతలు తెరచి, ఫ్యానుతో గాలి పంపి, మీటరుతో పరీక్షించి, దిగువాని ఒంటికి పట్టీయు తాడును కట్టి, పైన కావలి నుంచవలెను.

రేపు ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు కానున్న మన విద్యార్థులు సిమెంటు, ఇనుములతోపాటు ఈ ఖర్చును కూడ మొదటి అంచనాలోనే వ్రాయుదురు గాక!