చెట్టు మొదట నిప్పు

నూజివీటి నుండి గుడివాడకు పోవు త్రోవయు, కలకత్తా నుండి మదరాసునకు పోవు రహదారియు కలియుచోట వెలసిన ఆంజనేయస్వామి పేరనే హనుమాన్ జంక్షన్ అను ఊరు పెరిగినది. వేసవి వచ్చెనా, నూజివీటి మామిడికాయలు వరిగడ్డి పరచిన లారీలలో ఆ కూడలి మీదుగ తరలిపోవును. జారిపడిన గడ్డి, రాలిన ఆకు, చినిగిన అట్టపెట్టెలు రోడ్డు ప్రక్కన ప్రోగుపడును. ఆ ప్రోగును ఊడ్చి, చెట్టు మొదటనే కుప్పవేసి, అగ్గిపుల్ల గీచుట మన ఊళ్ళన్నిటను అలవాటైపోయినది. గడచిన చైత్రమున ఒక నిద్రగన్నేరు క్రింద అట్టి మంటను చూచి నేను నిలిచిపోగా, చీపురు చేతబట్టిన మామ్మ, "చెట్టుకేం కాదు బాబూ, పైపైన కాలుద్దంతే" అనెను.

ఆమె మాటలో సగము సత్యము కలదు. బెరడు చెట్టునకు కవచము. అది రెండింతలు దళసరియైనచో వేడి లోపలికి చేరుటకు రమారమి నాలుగింతల కాలము పట్టును. కావున ముదురు చింతచెట్టు క్షణములో దాటిపోవు గడ్డిమంటను లెక్కచేయదు. కాని చెత్తకుప్ప క్షణములో ఆరునది కాదు, పూటంతయు రాజుకొనుచునే యుండును. బెరడునకు లోపల, చేవకు వెలుపల, విభాజ్య కణావళి యను పలుచని సజీవమైన పొర కలదు. క్రొత్త కొయ్యయు, ఆకులు వండిన ఆహారమును వేళ్ళకు చేర్చు నాళములును దానినుండియే పుట్టును. వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరినచో ఆ పొరలోని కణములు నిలువజాలవు. చుట్టంతయు మాడినచో వేళ్ళు ఆకలికి మాడును. ఐనను కొయ్యగుండ నీరు పైకెక్కుచునే యుండుటచే కొమ్మలు కొన్నాళ్ళు పచ్చగనే కనిపించును. తరువాత చెట్టెండినపుడు ఆనాటి మంట ఎవ్వరికిని జ్ఞాపకము రాదు! ఒక ప్రక్క మాత్రమే మాడినచో అక్కడ బూజును చెదయు చేరి తొర్ర చేయును, తుపాను గాలికి ఆ చెట్టే మొదట కూలును. మహబూబునగరు పిల్లలమఱ్ఱికి చెదపట్టి కొమ్మ విరిగినపుడు, 2018లో, సెలైను సీసాలతో బొట్టుబొట్టుగ మందెక్కించి దానిని కాపాడుకొనవలసివచ్చెను.

ఇక ఆ కుప్పనుండి లేచిన రవ్వ ఎచ్చటికి పోవును? రోహిణి ఎండలలో వడగాలికి ఎగిరి తాటాకు కప్పుమీద వాలును. ఒక గ్రాము నీటిని మరుగుస్థితిలో ఆవిరిచేయుటకే 540 కెలోరీల వేడి కావలయును. నీటితో నిండిన పచ్చి కానుగ ఆకు ఆ సుంకము చెల్లించినగాని అంటుకొనదు, ఎండిన తాటాకు చెల్లింపవలసినది అత్యల్పము. కావుననే ఇండ్లనడుమ పచ్చని చెట్టు సెగకు తెరయగును. ఎండుమట్టలు వ్రేలాడు కొబ్బరిచెట్టు దివిటీ యగును. మట్టలు రోహిణికి ముందే దింపవలయును. తీగలకు తగులు కొమ్మలను మాత్రము విద్యుత్తు సిబ్బంది సరఫరా ఆపిన పిదపనే కొట్టింపవలయును. కొమ్మ మొదట ఉబ్బిన మెడవంటి భాగమును విడిచి కోసినచో చెట్టు తన గాయమును తానే మూసికొనును.

ఇట్టి జాగ్రత్తలను తలచుకొనుటకు ఏటేట ఒక వారమే కలదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవున ప్రేలుడు పదార్థములును ప్రత్తియు మోసిన ఓడ ప్రేలి అగ్నిమాపక భటులు పలువురు బలియైరి. వారి స్మృత్యర్థమే ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. చెట్లు నాటు వనమహోత్సవము కూడ 1950 నుండి ఆషాఢపు వానలలో జరుగుచున్నది. నాటుట ఉత్సవమైనది, పెంపకము ఇంకను కాలేదు. ఐనను, చేవెళ్ళ రహదారి విస్తరణలో పోవలసియుండిన సుమారు 900 మఱ్ఱులను ప్రకృతిప్రియులు ఒక్కొక్కటిగ లెక్కించి హరిత ట్రిబ్యునలు వరకు పోయి వాదించిరి. ఒక వీధివారు తమ పది చెట్లను అట్లే లెక్కించి, ఆ ఏప్రిల్ వారములోనే ఎండుమట్టలు, తీగలు, చెత్తకుప్పలు కలిసి చూచుకొనుటకు ఒక్క ఉదయము చాలునని నా నమ్మకము.

మా వీధిలో ఆ నిద్రగన్నేటికి నాలుగు బారల దూరమున గుంట త్రవ్వితిమి. మామ్మ ఇప్పుడు ఆకును అందులోనే త్రోయుచున్నది. శ్రావణమున పోయి చూడగా, నల్లని మచ్చ అంచున క్రొత్త బెరడు వ్రేలి మందమున ముడుచుకొని లోనికి ప్రాకుచుండెను. మామ్మ దానిని బొటనవ్రేలితో తడవి చూచి, గుంటమీద ఇంకొక తట్ట మట్టి పోసెను.