మీకు తెలుసా? కిలిమంజారో మెల్లగా నడిచేవాళ్ళ కొండ

'కిలిమంజారో' అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది 'రోబో' సినిమాలో పాట. 2010లో వచ్చిన ఆ సినిమాలో రజనీకాంత్, ఐశ్వర్యారాయ్ ఆ పాటకు ఆడిపాడిన చోటు ఆఫ్రికాలోది కాదు, దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో ఉన్న మచూపిచూ. అసలు కిలిమంజారో తూర్పు ఆఫ్రికాలో, టాంజానియాలో, కెన్యా సరిహద్దు పక్కన ఉంది. ఎత్తు 5,895 మీటర్లు. ఆఫ్రికా మొత్తంలో అంతకన్నా ఎత్తైన చోటు లేదు. అయినా మామూలు దారుల్లో వెళ్తే తాళ్ళు కట్టుకుని పాకే పనిలేదు, కాళ్ళుంటే చాలు. అందుకే ఏటా వేలమంది ఆరు నుంచి ఎనిమిది రోజులు నడిచి ఈ కొండ ఎక్కుతారు. ఆ నడక గురించి, నడిపించేవాళ్ళ గురించి కొన్ని సంగతులు ఇవి.

1. ఒక కొండ కాదు, మూడు అగ్నిపర్వతాలు

కిబో, మావెంజి, షిరా అనే మూడు అగ్నిపర్వతాలు కలిస్తే కిలిమంజారో. షిరా ఎప్పుడో కుంగిపోయి మైదానంలా మారింది. మావెంజి (5,149 మీటర్లు) కోసుకుపోయిన రాతి కోరల్లా నిలబడి ఉంటుంది. దాన్ని మామూలు నడకతో ఎక్కలేం. అందరూ ఎక్కేది కిబో మీదికే. అది ఆరిపోలేదు, నిద్రపోతోంది. దాని బిలంలో ఇప్పటికీ గంధకం వాసన వచ్చే ఆవిర్లు ఉన్నాయి. హిమాలయాల్లా ఇది పర్వత శ్రేణిలో భాగం కాదు. చుట్టూ చదునైన నేల, మధ్యలో ఇదొక్కటే. ఇలా ఒంటరిగా నిలబడ్డ కొండల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది ఇదే.

2. పేరులో ఉన్నది 'గుట్ట'

స్వాహిలి భాషలో 'మ్లిమా' అంటే కొండ, 'కిలిమా' అంటే చిన్న కొండ, మన మాటలో గుట్ట. ఇంత పెద్ద పర్వతానికి అంత చిన్న పేరేమిటో! ఇక 'న్‌జారో' అంటే ఏమిటన్న దాని మీద పండితులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు.

3. నడక మొదలయ్యే చోటే మన కొండల కన్నా ఎత్తు

తూర్పు కనుమల్లో పేరున్న మన ఆర్మకొండ శిఖరం ఎత్తు 1,680 మీటర్లు. కిలిమంజారోకు ఎక్కువమంది వెళ్ళే మచామే దారిలో, బ్యాగు భుజానికి తగిలించుకుని మొదటి అడుగు వేసే గేటే దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. మచామే కాక లెమోషో, రొంగాయ్, మారంగు వంటి దారులు కూడా ఉన్నాయి. వీటిలో మారంగు దారిలో మాత్రమే రాత్రుళ్ళు పడుకోవడానికి చెక్క గదులుంటాయి. మిగతా దారుల్లో గుడారాలే.

4. గైడ్ లేకుండా లోపలికి పంపరు

కిలిమంజారో 1973లో జాతీయ ఉద్యానవనం అయింది. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. లైసెన్సు ఉన్న గైడ్ వెంట ఉంటేనే ఎక్కనిస్తారు. ప్రతి క్యాంపులో రిజిస్టరులో పేరు రాసి సంతకం పెట్టాలి. గైడ్ పని దారి చూపించడం ఒక్కటే కాదు. పొద్దున, సాయంత్రం మన వేలికి ఆక్సిమీటర్ పెట్టి చూస్తాడు. "తలనొప్పి ఉందా? అన్నం సయించిందా? నిద్ర పట్టిందా?" అని అడుగుతాడు. ఇక వద్దు, దిగుదాం అని అతను అంటే దిగాల్సిందే.

5. గేటు దగ్గర కాటా ఉంటుంది

మొదటి రోజు పొద్దున గేటు దగ్గర కనిపించే దృశ్యం ఇది. ఒక కొక్కేనికి త్రాసు వేలాడుతుంటుంది. పోర్టర్లు వరుసలో నిలబడి ఒక్కొక్క మూటే దానికి తగిలిస్తారు. గుడారాలు, గ్యాస్ సిలిండర్లు, బియ్యం, కూరగాయలు, గుడ్ల అట్టలు, బల్ల, కుర్చీలు, అన్నీ తూకం వేయాల్సిందే. ఒక మనిషి మోత 20 కిలోలు దాటకూడదన్నది నిబంధన. దాటితే మూట విప్పి ఇంకొకరికి సర్దుతారు. తర్వాత ఆ మూటను తల మీదికో మెడ మీదికో ఎత్తుకుని, మనం మొదటి మలుపు తిరిగేలోపే వాళ్ళు కనుమరుగవుతారు. సాయంత్రం మనం ఆయాసపడుతూ క్యాంపు చేరేసరికి గుడారం వేసి ఉంటుంది, టీ మరుగుతుంటుంది. ఒక్క యాత్రికుడి వెనక ముగ్గురు, నలుగురు పనిచేస్తారు. పదిమంది బృందం వెళ్తే వెంట వెళ్ళేవాళ్ళు ముప్పై మందికి పైనే!

6. 'పోలె పోలె' అంటే నిదానమే ప్రధానం

దారి పొడవునా గైడ్ల నోట వినిపించే మాట 'పోలె పోలె'. స్వాహిలిలో 'మెల్లగా, మెల్లగా' అని. మొదటి రోజు కుర్రాళ్ళకు ఈ నడక విసుగనిపిస్తుంది. కానీ కొండ ఎక్కనిచ్చేది ఈ నిదానమే. పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. శిఖరం మీద అది సముద్రతీరంలో ఉన్నదాంట్లో సగం. అంటే ఒక్కో శ్వాసతో అందే ఆక్సిజన్ కూడా సగమే. ఆ లోటుకు ఒళ్ళు అలవాటు పడాలంటే రోజులు కావాలి. అందుకే ఐదు రోజుల్లో ముగించాలని తొందరపడేవాళ్ళ కన్నా, ఏడెనిమిది రోజులు తీసుకునేవాళ్ళే శిఖరం ఎక్కువగా చేరతారు. రోజుకు మూడు, నాలుగు లీటర్ల నీళ్ళు కూడా తాగిస్తారు. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలన్న మన సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

7. ఎక్కిన ఎత్తు దిగి పడుకోవాలి

మచామే దారిలో మూడో రోజు మధ్యాహ్నానికి లావా టవర్ అనే రాతి బురుజు దగ్గరికి, దాదాపు 4,600 మీటర్లకు తీసుకెళ్తారు. అక్కడ భోజనం. ఆ తర్వాత, చెమటోడ్చి ఎక్కిన ఎత్తంతా వదులుకుని, 3,960 మీటర్ల దగ్గరున్న బరాంకో క్యాంపుకు దించేస్తారు. వృథా శ్రమ అనిపిస్తుంది కానీ కాదు. పగలు ఎత్తుకెళ్ళి ఒంటికి పలచని గాలి రుచి చూపించి, రాత్రికి కింద పడుకుంటే శరీరం త్వరగా సర్దుకుంటుంది. మర్నాడు పొద్దున బరాంకో గోడ ఎక్కాలి. ఒకచోట దారి మరీ ఇరుకై, బండను వాటేసుకుని జరగాలి. చెంప రాయికి తగులుతుంది కాబట్టి దానికి 'ముద్దు రాయి' అని పేరు. మనం రెండు చేతులా బండను పట్టుకుంటే, పోర్టర్లు తల మీద మూటతో దాన్ని దాటిపోతారు.

8. ఒకే కొండ మీద ఐదు రకాల నేలలు

కింద చాగా ప్రజల అరటి, కాఫీ తోటలు. ఆపైన నాచు వేలాడే వానఅడవి, తర్వాత పొదల నేల, ఆ పైన ఎత్తైన ఎడారి, చివరికి మంచు. వారం లోపల ఇవన్నీ కళ్ళ ముందు మారిపోతాయి. నాలుగు వేల మీటర్ల దగ్గర మనిషికి రెండింతలు, మూడింతలు ఎత్తుండే వింత చెట్లు కనిపిస్తాయి. ఎండిన ఆకుల్ని ఇవి రాల్చవు, కాండం చుట్టూ గొంగళిలా కప్పుకుని చలి కాచుకుంటాయి. పక్కనే పెరిగే లొబీలియా మొక్క రాత్రి కాగానే ఆకుల్ని దగ్గరికి ముడుచుకుని మొగ్గను కాపాడుకుంటుంది.

9. మన దుకాణమే వాళ్ళ 'దుకా'

స్వాహిలిలో అంగడిని 'దుకా' అంటారు. అది మన దుకాణమే, రెండూ అరబ్బీ మూలం నుంచి వచ్చినవే. అక్కడా టీని 'చాయ్' అనే అంటారు, చపాతీని చపాతీ అనే అంటారు. మచామే దారిలో శిఖరానికి ముందు చివరి క్యాంపు పేరు 'బరాఫు', అంటే మంచుగడ్డ. పారసీక 'బర్ఫ్' నుంచి వచ్చిన మాట కాబట్టి హైదరాబాదు వాళ్ళకు చెప్పకుండానే అర్థమవుతుంది. వాళ్ళ ముఖ్యాహారం 'ఉగాలి', మొక్కజొన్న పిండితో వండే ముద్ద, మన సంకటికి చుట్టమే. పోర్టర్లకు బలం దాంతోనే.

10. చివరి క్యాంపులో నీటి చుక్క ఉండదు

బరాఫు (4,673 మీటర్లు) ఒట్టి రాళ్ళ గట్టు. దారిలో ఆఖరి నీటి ఊట కరాంగా లోయలోనే ఉంది. బరాఫులో మనం తాగే టీ, సూపు, సీసాల్లో నింపుకునే నీళ్ళు, అన్నీ కింద నుంచి పోర్టర్లు డబ్బాల్లో మోసుకొచ్చినవే. అక్కడ ఒక గ్లాసు నీళ్ళు పారబోసే ముందు అది ఎవరి మెడ మీద వచ్చిందో తలుచుకోవాలి.

11. శిఖరయాత్ర మొదలయ్యేది అర్ధరాత్రి

రాత్రి పదకొండు గంటలకు గుడారం బయట నుంచి పిలుపు. వేసుకున్న బట్టల మీదే మరో నాలుగు పొరలు తొడిగి, వేడి టీ తాగి, రెండు బిస్కెట్లు తిని, తలకు లైటు కట్టుకుని బయలుదేరతారు. చలి సున్నా కన్నా పది, పదిహేను డిగ్రీలు కిందికి దిగుతుంది. సీసాలో నీళ్ళు మూత దగ్గర నుంచి గడ్డకడతాయి కాబట్టి సీసాను తలకిందులుగా పెట్టుకుంటారు. పైకి చూస్తే కొండ మీద మిణుగురుల వరుసలా లైట్లు, కిందికి చూస్తే చీకటి. ముందున్నవాడి మడమల్ని చూస్తూ ఒక అడుగు, ఒక శ్వాస, మళ్ళీ ఒక అడుగు. చలికి గట్టిపడ్డ గులకరాళ్ళ మీద కాలు నిలుస్తుంది కాబట్టి, దిగడానికి పగలు మిగులుతుంది కాబట్టి రాత్రిపూట ఎక్కిస్తారు. అలసినవాడి బ్యాగు గైడ్ అడక్కుండానే అందుకుంటాడు. నిద్ర ముంచుకొస్తుంటే ఎవరో ఒకరు పాట అందుకుంటారు.

12. అంచు చేరినా శిఖరం కాదు

తెల్లవారుతుండగా బిలం అంచున స్టెల్లా పాయింట్ (5,756 మీటర్లు) వస్తుంది. చాలామంది అక్కడే కూలబడి ఏడ్చేస్తారు. అసలు శిఖరం ఉహురు ఇంకో ముప్పావు గంట, గంట నడక. 'ఉహురు' అంటే స్వేచ్ఛ. జర్మన్ల పాలనలో దానికి కైజర్ విల్హెల్మ్ పేరుండేది. 1961 డిసెంబరు 9న టాంగన్యీకా (ఇప్పటి టాంజానియాలో భాగం) స్వతంత్రమైనప్పుడు అలెగ్జాండర్ న్యిరెండా అనే సైనికాధికారి శిఖరం మీద స్వేచ్ఛా జ్యోతిని, జాతీయ పతాకాన్ని నిలిపాడు.

13. భూమధ్యరేఖ పక్కన మంచా? లండన్ నమ్మలేదు

1848లో యోహానెస్ రెబ్మాన్ అనే మిషనరీ ఈ కొండ మీద మంచు చూశానని రాస్తే లండన్ పండితులు కొట్టిపారేశారు.  కొండ కింద బతుకుతున్నవాళ్ళకు మాత్రం అది తరతరాలుగా తెలిసిన సంగతే. 1861-62లో బారన్ వాన్ డెర్ డెకెన్ వచ్చి చూశాక గానీ యూరప్ ఒప్పుకోలేదు. లొబీలియా మొక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో ఉన్నది ఈ డెకెనే.

14. మొదటి విజయంలోనూ మోసినవాళ్ళున్నారు

1889 అక్టోబరు 6న హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ శిఖరం చేరారు. అంతకుముందు మేయర్ రెండుసార్లు విఫలమయ్యాడు. మూడోసారి గెలిపించింది తిండి ఏర్పాటు. దారిలో క్యాంపులు పెట్టి, కింద నుంచి ఆహారం ఎప్పటికప్పుడు చేరేలా చూసుకున్నాడు. ఆ ఆహారం మోసింది ఆఫ్రికన్ పోర్టర్లే. చరిత్ర పుస్తకాల్లో ఇద్దరి పేర్లే పెద్దక్షరాల్లో ఉండిపోయాయి. వందేళ్ళకు, 1989లో, మారంగుకు చెందిన యోహాని కిన్యాలా లావోను ఆ యాత్ర గైడ్‌గా గౌరవించారు.

15. మంచులో చిరుత

1926లో రిచర్డ్ రాయిష్ అనే పాస్టర్ బిలం అంచు దగ్గర గడ్డకట్టిన చిరుతపులి కళేబరాన్ని చూశాడు. అంత ఎత్తుకు అది ఏం వెతుక్కుంటూ వెళ్ళిందో ఎవరూ చెప్పలేకపోయారు. హెమింగ్వే 1936లో రాసిన కిలిమంజారో మంచు కథ మొదట్లో వచ్చే చిరుత ఇదే.

16. తెలుగు అడుగులు

నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాల్నీ 172 రోజుల్లో ఎక్కాడు. అందులో కిలిమంజారో ఒకటి. 13 ఏళ్ళకే 2014లో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ ప్రాంతపు మలావత్ పూర్ణ, 2016లో కిలిమంజారో మీద నిలబడింది. 2022లో ఏడు శిఖరాల్నీ పూర్తిచేసింది.

17. కొండ మీది మంచు మన కళ్ళముందే కరిగిపోతోంది

1912లో కొలిచిన మంచు విస్తీర్ణంలో 2007 నాటికి 85 శాతం పోయింది. అంత చలిలో మంచు కరగడం ఒక్కటే కాదు, పొడి గాలికి, ఎండకు నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది కూడా. పోయినదాన్ని పూడ్చేంత మంచు మళ్ళీ కురవడం లేదు. మన మనవలు ఈ కొండను తెల్లటి తలతో చూడకపోవచ్చు.

18. దిగాక జరిగే లెక్క

శిఖరం నుంచి అదే రోజు 3,100 మీటర్ల దగ్గరున్న మ్వెకా క్యాంపు దాకా దిగుతారు. మోకాళ్ళు మొరాయించేది అప్పుడే. దిగే ముందో, దిగాకో జట్టంతా చేరి పాడి, ఆడి యాత్రికుడిని సాగనంపుతుంది. టిప్పు ఇచ్చేదీ ఆ వేడుకలోనే. పోర్టరు సంపాదనలో దానికి పెద్ద వాటా ఉంది.

కాబట్టి వెళ్ళాలనుకుంటే రెండు పనులు చేయండి. తక్కువ రోజుల్లో, తక్కువ డబ్బుకు తీసుకెళ్తామన్న చోట ముందు ఒక ప్రశ్న అడగండి: "మీ పోర్టర్లకు ఎంత ఇస్తారు, ఎక్కడ పడుకోబెడతారు, ఎన్నిపూటలు అన్నం పెడతారు?" జవాబు సూటిగా రాకపోతే ఇంకో చోటు చూసుకోండి. రెండోది, శిఖరం మీద ఫొటో దిగినట్టే, కిందికి వచ్చాక మీ మూట మోసిన మనిషి పేరు అడిగి, చేయి కలిపి, టిప్పు కవరు అతని చేతికే ఇవ్వండి. కిలిమంజారోను ఇంతవరకూ ఒంటరిగా ఎక్కిన యాత్రికుడు అరుదు. మీరూ పదిమంది భుజాల మీదే ఎక్కుతారు.